గేరు మారేటప్పుడు ఆ చిన్న కుదుపు

కౌలాలంపూరులో ఉన్న రోజుల్లో నా దగ్గరో సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు ఉండేది. గెంటింగ్ కొండ ఎక్కేటప్పుడు రెండో గేరులోంచి మూడోదానికి మారడానికి తీరిగ్గా ఆలోచించుకునేది. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఆఫీసులో ఒకాయన, "షిఫ్ట్ కిట్ వేయించు, టక్కున మారుతుంది" అన్నాడు. వేయించే ముందు దాని సంగతేమిటో చదువుదామని కూర్చున్నాను.

జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ పెట్టింది. క్లచ్ పెడల్ పోయింది గానీ గేరు మారినప్పుడల్లా కుదుపు తెలిసేది. అదే కంపెనీ 1948లో బ్యూక్ కార్లకు డైనాఫ్లో తెచ్చింది. మామూలుగా నడిపేటప్పుడు అందులో గేర్లు మారవు, అంతా నూనెలో జారుడే. సుఖంగా ఉండేది, కానీ ఎత్తుకునేటప్పుడు మందకొడిగా ఉండేది. పందేలవాళ్ళు మాత్రం 1950లలో హైడ్రామాటిక్‌నే పట్టుకుని, ఇంకా గట్టిగా మారేలా దిద్దుకున్నారు. షిఫ్ట్ కిట్ల వ్యాపారం అక్కణ్ణుంచి పెరిగిందే.

ఇంతకీ అందులో చేసేదేమిటంటే, గేరు మారడమంటే నూనె ఒత్తిడితో కొన్ని క్లచ్ ప్లేట్లు బిగుసుకోవడం. ఆ ఒత్తిడి ఒక్కసారిగా పడకుండా స్ప్రింగున్న చిన్న పిస్టన్ ఒకటి మెత్తబరుస్తుంది. దాన్నే అక్యుములేటర్ అంటారు. వాల్వ్ బాడీలో నూనె వెళ్ళే రంధ్రం పెద్దది చేసి, గట్టి స్ప్రింగులు వేస్తే ప్లేట్లు త్వరగా పట్టుకుంటాయి. జారుడు తగ్గితే వేడీ తగ్గుతుంది. బదులుగా ఆ దెబ్బ షాఫ్టుల మీదా, ఇంజను మౌంటుల మీదా పడుతుంది. మెత్తదనం ఊరికే రాదు, గట్టిదనమూ ఊరికే రాదన్నమాట.

మలేషియాలో పనికి మెకానిక్కులకి కొదవ లేదు. 1985లో వచ్చిన ప్రోటాన్ సాగా, 1993లో వచ్చిన వీరా రెండూ మిట్సుబిషి పునాది మీద కట్టినవే. జపాన్ నుంచి సగానికి కోసి దింపే 'హాఫ్-కట్' కార్లలోంచి ఇంజన్లూ గేర్‌బాక్సులూ దొరికేవి.

నేను వెళ్ళిన చైనీస్ పెద్దాయన డిప్‌స్టిక్ తీసి వాసన చూశాడు. మాడిన వాసన. "బాస్, ప్లేట్లే అరిగిపోయాయి. ఒత్తిడి పెంచితే దేన్ని పట్టుకుంటాయి?" అన్నాడు. కిట్ అమ్మితే ఆయనకి తేలిగ్గా డబ్బులొచ్చేవి. అమ్మలేదు. గేర్‌బాక్సు విప్పి కొత్త ప్లేట్లు వేశాడు. ఆ నెల జీతంలో సగం పోయింది.

చదివిన చరిత్ర ఇక్కడా మళ్ళీ కనిపించింది. 2011లో వచ్చిన సాగా ఎఫ్ఎల్ఎక్స్‌లో మెట్లు లేని సీవీటీ పెట్టారు. 2019 సాగాలో మళ్ళీ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌కే వచ్చారు.

ప్లేట్లు మార్చిన వారమే గెంటింగ్ ఎక్కాం. మూడో గేరు పడ్డప్పుడు చిన్నగా కుదిపింది. "మళ్ళీ పాడైందా?" అని మా ఆవిడ అడిగింది. కాదు, ఇప్పుడే బాగుపడిందన్నాను.