చిరురొయ్యకు పేరు పెట్టిన చరిత్ర

1830వ సంవత్సరమున పారిసు నగరమునుండి వెలువడిన ప్రకృతిశాస్త్ర పత్రికలో ఆన్రీ మిల్న్ ఎడ్వర్డ్స్ అను పండితుడు నాలుగు క్రొత్త ప్రజాతులను వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. అందు కడపటిది ‘అసిటీస్’. గంగానది సముద్రమును కలియు తావులలో దొరకిన చిన్నరొయ్య దానికి ఆధారము. అందువలననే ఆయన దానికి ‘అసిటీస్ ఇండికస్’ అని పేరిడెను. ఒకటి మొదలు నాలుగు సెంటీమీటర్ల పొడవునకు మించని యీ ప్రాణి తనంతట తాను ఎవరి దృష్టిని ఆకర్షించునది కాదు.

బ్రతికియున్నప్పుడు దాని దేహము గాజువలె నుండును. నల్లని కన్నులు, తోకరెక్కలపై ఎఱ్ఱని చుక్కలు మాత్రమే కానవచ్చును. సారాయిలో ఊరినపిదప గాజుతనము పోయి తెల్లబడును, చుక్కల రంగు వెలిసిపోవును. పడవలోని జాలరి మొట్టమొదట చూచునది పారిసు బల్లపైనున్న పండితుని కంటబడదు. ఇట్టివానికి మిగులునది ఆకారమొక్కటే. కనుక ఆయన కాళ్లు లెక్కించెను.

ఇక్కడనే ఒక చిక్కు కలదు. రొయ్యలును పీతలును దశపాదుల వర్గమునకు చెందినవి. ఐదు జతల కాళ్లుండుట ఆ వర్గనామమునకే కారణము. అదే వ్యాసమున వర్ణితమైన సెర్జెస్టీస్ ప్రజాతికి చివరి రెండు జతలు కురుచనైపోయినను నిలిచియున్నవి. అసిటీసునకు అవియును లేవు. మూడు జతలే, వాని కొనలయందు కంటికి ఆనని పటకారులు. పదికాళ్ల వర్గమున ఆరుకాళ్ల ప్రాణిని ఎట్లు చేర్చుట? మిల్న్ ఎడ్వర్డ్స్ వెనుకాడక చేర్చెను. మొప్పలు, మీసములు, ఉదరఖండములు, ఈతకాళ్లు ఇవన్నియు సెర్జెస్టీసునకు చుట్టమేయని చాటుచుండగా, లేని కాళ్లనుబట్టి కులము మార్చుట ఆయనకు సమ్మతము కాలేదు. డార్విను గ్రంథము వెలువడుటకు అప్పటికి ఇంకను ఇరువదితొమ్మిదేండ్లు కలవు. అవయవములు కాలక్రమమున లోపించునను భావము ఆధారముగా లేకయే ఈ నిర్ణయము చేసిన ఆయన చూపు మెచ్చదగినది.

శరీరనిర్మాణమును నమ్మి మోసపోయిన సందర్భములును ఈ కుటుంబపు చరిత్రలోనే కలవు. సెర్జెస్టిడ్ రొయ్యల పిల్లలు ఎదుగుదలలో పలుమార్లు రూపము మార్చును. ఒక దశకును మఱియొక దశకును పోలికయే యుండదు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా శాస్త్రజ్ఞులు సముద్రపు పైనీటిలో దొరకిన ఆ పిల్లలకు ఎలాఫోకారిస్, అకాంథోసోమా, మాస్టిగోపస్ అని వేఱువేఱు పేర్లు పెట్టిరి. ఒక బిడ్డ పాకునాడొక పేరు, నడచునాడొక పేరు, బడికి పోవునాడొక పేరు ధరించి ముగ్గురుగా జాబితాకెక్కిన చందమిది. ఈ కుటుంబపు శాస్త్రమున అవి నేడు బాల్యదశల పేర్లుగా మాత్రము మిగిలినవి.

మిల్న్ ఎడ్వర్డ్స్ వర్ణనకు ఎనుబదియేడేండ్ల పిదప ఈ ప్రజాతి గంగ సమీపమునకే మరలివచ్చెను. కలకత్తాలో భారత జంతుసర్వేక్షణశాఖ 1916లో నెలకొన్నది. మఱుసటి యేడే అచటి స్టాన్లీ కెంప్, ఇండియన్ మ్యూజియము పత్రికలో అసిటీసునుగూర్చి ఒక విమర్శవ్యాసము వెలువరించెను. అంతకు ముందు నెల్సన్ అన్నండేలుతో కూడి చిలుకా సరస్సు జీవజాలమును పరిశోధించినవాడీయనయే. ఆ సరస్సు దక్షిణభాగము అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. 1919లో డెన్మార్కు దేశీయుడగు హాన్సెన్, సిబోగా అను డచ్చి నౌక తెచ్చిన సామగ్రిని పరిశీలించుచు మఱికొన్ని జాతులను చేర్చెను. దక్షిణ అమెరికా నదులలోని మంచినీటి అసిటీసునకును పేరు పెట్టినవాడాయనయే. సముద్రపు ప్రజాతి నదిలో కాపురముండుట చిన్న వింత కాదు. 1975లో జపాను దేశపు మకోతో ఒమోరి ప్రజాతినంతటిని మరల సమీక్షించెను.

వీరందఱును జాతులను వేఱుపఱచుటకు మగవానినే ముఖ్యముగా ఆశ్రయించిరి. మొదటి ఈతకాళ్లపై నుండు ‘పెటాస్మా’ యను ఉపాంగపు మడతలును, ఆడుదానిని పట్టుకొనుటకు చిన్నమీసముపై నున్న కొక్కెమును జాతిజాతికి మాఱుచుండును. ఆడువానిని గుర్తించుట కష్టతరము.

ఇంత తర్కము జరిగిన ప్రాణి పశ్చిమతీరమున బీదల కూరకు వస్తువు. ఖంభాతు సింధుశాఖ పోటుపాటులకు ప్రసిద్ధి. భావనగరు చెంత నీటిమట్టము 10 మీటర్లకు మించి లేచును. ఆ ప్రవాహమునకు అడ్డముగా గుంజలకు కట్టి నిలుపు ‘డోల్’ వలలలో ‘జవలా’ యను పేరున ఈ రొయ్య రాశులుగా పడును. దీనిని మేసి బ్రతుకు బొంబిలు చేపయు ఆ వలలోనే చిక్కును. సూరతునకు చేరువ పల్సాణా తాలూకాలోని కడోదరావంటి లోతట్టు ఊళ్లకు సముద్రమెంత దూరమైనను ఎండు సరకు బస్తాలకు దూరము లెక్కలేదు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండలనుండి సూరతు మగ్గములకు వలసపోయిన పద్మశాలీలు అట్టి సరకును ‘రొయ్యపొట్టు’ అని గుర్తింతురు. ఆ మాట ఒక జాతికి గాని ఒక ప్రజాతికి గాని పేరు కాదు, ఎండిన చిరురొయ్యలన్నిటికిని చెల్లును. తట్టలోని పొట్టున ఏ జాతి యున్నదో తేల్చవలెనన్నచో మగవానిని ఒక్కొక్కటిగా ఏరి, నీటిలో నానబెట్టి, సూక్ష్మదర్శినిక్రింద పెటాస్మాను విప్పి చూడవలసినదే.