వకీలు పేరు – కక్షిదారు నమ్మిక

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో, ఇబ్రహీంపట్నమునకు ఇవతల, బొంగులూరు అను గ్రామము కలదు. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల వలయ రహదారి ఈ బాటను అచ్చటనే దాటును. ఒకనాడు ఎకరముల లెక్కన చెప్పుకొనిన నేల నేడు గజముల లెక్కన అమ్ముడగుచున్నది. నేలకు విలువ హెచ్చినచోట తగవులు హెచ్చుట లోకసహజము. తగవు హెచ్చినచోట వకీలుతో పనిపడును.

ఆ ఊరి రైతు నొకనిని మనము ఊహించుకొందము. అతని చేతిసంచిలో 1954-55 నాటి ఖాస్రా పహాణి నకలు, 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద తాతకు లభించిన పత్రము, తండ్రి పేరిటి పాసుపుస్తకము ఉన్నవి. తన సర్వే నంబరులోని నేలనే ఎవరో మరియొకరికి అమ్మిరని అతనికి తెలియవచ్చెను. కోర్టు వాకిట నల్లకోట్లు పెక్కు కనబడును. వారిలో భూమి తగవులను ఎరిగినవారెవరో అతనికి తెలియదు. అంతలో టీకొట్టు కడ నిలిచిన పెద్దమనిషి యొకడు, "నాతోని రా పటేలా, మంచి వకీలు సాబును చూపిస్త" అనును. అతడే పైరవీకారు. రైతు చెల్లించు ఫీజులో అతనికిని వాటా ఉండును.

మంచి పనియు, మంచి కక్షిదారులును కావలెనని కోరని న్యాయవాది ఉండడు. ఆ కోరిక తప్పు కాదు. కాని తన యోగ్యతను తానే చాటుకొనరాదని అతని వృత్తిధర్మము శాసించుచున్నది. అట్లయిన రైతుకు వకీలు, వకీలుకు రైతు ఎట్లు దొరకవలెను? ఈ ప్రశ్నకు మన తెలుగు వకీలుల చరిత్రలోనే సమాధానము కలదని మేము తలంతుము.

ముందుగా ఆ శాసనమెట్టిదో చూతము. న్యాయవాదము సేవయే గాని వ్యాపారము కాదను సంప్రదాయము ఇంగ్లండులోని బారిస్టరుల నుండి మనకు సంక్రమించినది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ననుసరించి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమములలో 36వ నియమము దానికి రూపమిచ్చెను. కరపత్రముల వలనగాని, ప్రకటనల వలనగాని, దళారుల వలనగాని న్యాయవాది పని అడుగరాదు. తాను వాదించిన వ్యాజ్యములకు సంబంధించి పత్రికలలో తన ఛాయాచిత్రము వేయించుకొనరాదు. పేరు పలక సైతము తగుమాత్రపు కొలతలోనే ఉండవలెను.

ఈ కట్టడి అకారణముగా పుట్టలేదు. బొంబాయి మేజిస్ట్రేటు కోర్టు వాకిట కొందరు న్యాయవాదులు కక్షిదారుల మీద పడి, వారి చేతిలోని కాగితములు లాగికొనుచుండిరని అభియోగము వచ్చెను. 1975లో సుప్రీంకోర్టు అట్టి నడవడిని తీవ్రముగా ఖండించెను. దళారుల బెడద మరింత పాతది. బ్రిటిషు ఇండియాలో 1879 నాటి న్యాయవాదుల చట్టము క్రింద దళారుల పేర్ల పట్టికను కోర్టులలో వ్రేలాడదీయు ఏర్పాటుండెను. 2023లో పార్లమెంటు ఆ పాత చట్టమును రద్దుచేసినను, దళారులను గూర్చిన నిబంధనను మాత్రము అడ్వొకేట్ల చట్టములో చేర్చి నిలుపుకొనెను. నూటనలువది యేండ్లు గడచినను పైరవీకారు కోర్టు వాకిలి విడువలేదన్నమాట.

ఇక చరిత్ర. నిజాము రాజ్యమున 1880ల దశకములో పారశీకము తొలగి ఉర్దూ కచేరీ భాషయయ్యెను. తెలుగు రైతు తన గోడు తెలుగున చెప్పుకొనును. అర్జీ, వాదము, తీర్పు ఉర్దూలో నడచును. తన నేల పోయినదో నిలిచినదో తెలిసికొనుటకు సైతము అతనికి వకీలు నోరే దిక్కు. 1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో, తెలుగున ప్రసంగింపబూనిన యొక వకీలును సభలోనివారు గేలిచేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. దానిని పెంచి పెద్దచేసిన మాడపాటి హనుమంతరావుగారును వకీలే.

ఆ సంఘమువారు చేసిన పనులలో ఒకటి ఇచ్చట మనకు ముఖ్యము. వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల హక్కులను గూర్చియు ప్రభుత్వపు నిబంధనలు ఏమి చెప్పుచున్నవో తెలుగున చిన్న పుస్తకములుగా అచ్చువేసి పంచిరి. అందు "మాకడకు రండు" అను మాట లేదు. "మీకుగల హక్కు ఇది" అను మాట కలదు. కాని అట్టి పుస్తకము చదివిన వర్తకునికి, చదివించుకొని వినిన రైతునకు, ఆపద వచ్చినపుడు ఎవరి గడప తొక్కవలెనో వేరుగా చెప్పవలసిన పనియుండునా?

ఆ తరువాత ఆంధ్రమహాసభకు అధ్యక్షులైన వారిలోను వకీలులు పెక్కురు. 1931లో దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావుగారు, 1935లో సిరిసిల్ల సభకు మాడపాటివారు, 1936లో షాద్‌నగరు సభకు కొండా వెంకట రంగారెడ్డిగారు అధ్యక్షత వహించిరి. బొంగులూరు నేడున్న జిల్లా ఆ రంగారెడ్డిగారి పేరిటనే 1978లో ఏర్పడినది. పేరు పలక తగుమాత్రముగా ఉండవలసిన వృత్తిలో పుట్టిన పేరు, ఒక జిల్లాకే పలకయయ్యెను!

కోస్తాసీమనుండియు ఒక ఉదాహరణము చెప్పుదము. టంగుటూరి ప్రకాశముగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరు. అందు బాగుగానే గడించిరి. కాని ఆ తరగతివారికి పైకోర్టులో వాదించు హక్కు లేదు. పెద్ద వ్యాజ్యములు కావలెనన్న పెద్ద యోగ్యత కావలెనని గ్రహించి, 1904లో ఇంగ్లండు వెళ్లి, 1907లో బారిస్టరై తిరిగివచ్చి మద్రాసున వృత్తి నారంభించిరి. ఆనాడు అచ్చటి ప్రముఖ న్యాయవాదులు ఐరోపావారో, తమిళులో. ఆ నడుమ తెలుగువాడు నిలద్రొక్కుకొనుటకు ఆయన వాదముతోపాటు 'లా టైమ్స్' అను న్యాయపత్రికకు సంపాదకత్వమును వహించిరి. శాస్త్రమును పదుగురికి అందించువానిని పదుగురు ఎరుగుట సహజమే కదా.

ఇతర దేశములు వేరొక త్రోవ త్రొక్కినవి. అమెరికాలో అరిజోనా రాష్ట్రమున ఇద్దరు యువ న్యాయవాదులు సామాన్య వ్యవహారములకు తమ ఫీజులను పత్రికలో ప్రకటించిరి. వారిని శిక్షింపబూనగా, సత్యమైన ప్రకటనను పూర్తిగా నిషేధింపరాదని 1977లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ఫీజెంతో తెలియక బీదలు వకీలు గడప తొక్కుటకే జంకుదురను వాదమునకు ఆ తీర్పులో బలము కలిగెను. ఆ వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. మన రైతును పైరవీకారు చేత పెట్టినదియు ఆ తెలియమియే.

మన బార్ కౌన్సిలును 2008లో కొంత సడలింపు చేసెను. న్యాయవాది తన పేరు, చిరునామా, చదువు, తాను చూచు వ్యాజ్యముల తరగతి మొదలైనవి ఇంటర్నెట్టులో ఉంచవచ్చును. అంతకు మించరాదు. న్యాయవాదులకు మార్కులువేసి సరుకువలె చూపు ఇంటర్నెట్టు సంస్థలపై చర్య తీసికొనవలసినదిగా 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఆదేశించెను.

కావున పేరు చాటుకొనుట వేరు, పని తెలియజేయుట వేరు. మొదటిది కూడదు, రెండవది చేయకున్నను తప్పే. ఇబ్రహీంపట్నమున కోటు వేసికొనిన యువ వకీలు పహాణి యనగానేమో, పాత కౌలుపత్రము ఎంతవరకు చెల్లునో ఊరి పంచాయతీ కడ పదిమందికి తేటతెలుగున చెప్పవచ్చును. ఫీజును ముందే చెప్పి, పుచ్చుకొనిన సొమ్ముకు రసీదు నీయవచ్చును. గెలువని వ్యాజ్యమును "గెలువదు" అని చెప్పి పంపవచ్చును. అట్లు పంపబడిన కక్షిదారు ఆనాడు చిన్నబుచ్చుకొనినను, రేపు నిజమైన కాగితములున్న తన బావమరదిని వెంటబెట్టుకొని వచ్చును. మంచి కక్షిదారు వచ్చు మార్గమదియే.

ఆనాడు టీకొట్టు కడ పైరవీకారు నిలిచియుండినను, మన బొంగులూరు రైతు అతని వంక చూడక నేరుగా లోనికి పోవును.