పద్యంలో కథ, నాలుక మీద వ్యాకరణం

హోసూరు, కృష్ణగిరి వైపు ఉన్నత పాఠశాలలో తెలుగు చదివే పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, "నాయనా, ఏ పాఠం కష్టం?" అని అడిగి చూడండి. ఒకటి వ్యాకరణం అంటాడు, రెండోది పాతకాలం పద్యం అంటాడు. ఈ రెండూ వేరువేరు కష్టాలు కావనీ, ఒకదానికి మందు రెండోదానిలోనే ఉందనీ ఇవాళ మీకు మనవి చేయదలచుకున్నాను. అందుకు రెండు వందల ఏళ్ళు వెనక్కు వెళ్ళాలి.

1792లో శ్రీరంగపట్నం సంధితో మన బారామహల్ సీమ టిప్పు సుల్తాను చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1799లో టిప్పు పడిపోయాక హోసూరు కూడా అదే దారి పట్టింది. బారామహల్‌లో పన్నుల వ్యవహారం చక్కబెట్టడానికి వచ్చిన కెప్టెన్ రీడ్ దొరకు సహాయకుడుగా ఉన్న యువకుడే థామస్ మన్రో. మన్రో అనగానే మనకు దత్తమండలాలు గుర్తుకొస్తాయి గాని, ఆయన రెవెన్యూ పనికి ఓనమాలు దిద్దుకున్నది ఈ మట్టి మీదనే. తరువాత మద్రాసు గవర్నరై, 1822లో రాజధాని అంతటా ఎన్ని బడులున్నాయో, పిల్లలు ఏం చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లకు ఉత్తరువు వేశాడు.

దానికి 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ పంపిన జవాబు మన విషయానికి ముఖ్యం. ఈ క్యాంబెల్ ఉత్త కలెక్టరు కాడు, 1816లోనే మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన పండితుడు. నేటి అనంతపురం సీమ కూడా కలిసిన ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్టు ఆయన లెక్క తేల్చాడు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. హోసూరు లాగే అదీ రెండు భాషల సీమే. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు, పద్యకావ్యాలు కంఠస్థం చేస్తారు. కాని పద్యంలో ఉన్న భాష వేరు, ఇంట్లో ఆడే మాట వేరు కాబట్టి, గడగడా అప్పగించే పిల్లవాడికి దాని అర్థం మాత్రం తెలియదు అని ఆయన వాపోయాడు. లిపి ఒకటే గనక చదవగలడు, గ్రహించలేడు. శ్రోతలారా, ఈ మాట 1823 నాటిదని చెప్పకపోతే, నిన్న ఏ పంతులుగారో అన్నదని మీరు అనుకునేవారు కాదా?

ఆ తరువాత వ్యాకరణం బడిలోకి వచ్చింది. పెరుంబుదూరులో పుట్టి, మద్రాసులో తెలుగు పాఠం చెప్పిన పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించాడు. తెలుగుకు ఇంత పేరున్న వ్యాకరణం తమిళగడ్డ మీద పుట్టిందన్న సంగతి మన పిల్లలకు చెప్పాలి. "బాల" అన్న మాట చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి! ఆ సూత్రాలకు పెద్దలే తడుముకుంటారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పద్యాన్ని వల్లెవేసినట్టే సూత్రాన్నీ వల్లెవేయించడం మొదలుపెట్టాం.

అసలు సూరి చెప్పినవి చాలావరకు మన పిల్లల నాలుక మీద ఉన్నవే. ఏ పిల్లవాడూ "ఏరులో నీళ్ళు లేవు" అనడు, "ఏట్లో నీళ్ళు లేవు" అంటాడు. ఇల్లు ఇంటికి అవుతుంది, నోరు నోట్లో అవుతుంది. ఆ "టి"కే ఔపవిభక్తికమని పేరు. ఇదే పిల్లవాడు తమిళ తరగతిలో "వీడు" అన్న మాట "వీట్టిల్" కావడం చూస్తాడు. రెండూ పక్కపక్కన నల్లబల్ల మీద రాస్తే, సూత్రం వాడే చెబుతాడు. కూరగాయలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు అనే మాటల్లో కాయలు గాయలు ఎందుకయ్యాయి, తండ్రి దండ్రి ఎందుకయ్యాడు అని అడగండి. గసడదవాదేశమన్న పేరు తరువాత చెప్పవచ్చు. ఇది తెలిసిన పిల్లవాడు పద్యంలో "వాడు వోయె" అని కనిపిస్తే నిఘంటువులో "వోయె" కోసం వెదకడు. వాడు పోయాడని గ్రహించి ముందుకు సాగుతాడు.

ఇక కథ. "పొద్దున్నే లేసి, మొగం కడుక్కోని, సంగటి తిని, బడికి పోయినాను" అంటాడు మన పిల్లవాడు. లేచి, కడుక్కొని, తిని అన్నవి క్త్వార్థకాలు. తమిళ పాఠంలో వినైయెచ్చం అంటారు. పద్యకథకు వెన్నెముక ఇవే. పద్యం ఇవ్వగానే అర్థం అడగకుండా, ముందు ఇవన్నీ గీత గీయమనండి. ఏ పని తరువాత ఏ పని జరిగిందో వరుస తేలుతుంది. ఆ తరువాత సమాపక క్రియ పట్టుకోమనండి, అది ఎవరు చేసిన పనో అడగండి. పద్యంలో కర్త చివర దాక్కొని ఉండవచ్చు. ఫరవాలేదు, దొరుకుతాడు.

ఛందస్సూ అంతే. ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. తమిళంలో ఎదుగై అన్నా ఇంచుమించు అదే. యతి చెప్పేటప్పుడు మోనైని గుర్తుచేయవచ్చు. ఒక భాష తెలిసినవాడికి ఒకసారి చెప్పవలసినది, రెండు భాషల పిల్లవాడికి సగం చెబితే చాలు. ఈ సౌకర్యం గుంటూరు పిల్లవాడికి లేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళాన్ని నిర్బంధ పాఠం చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై, అది 2015-16లో పదో తరగతి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకున్నారు; 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది. తమిళం నేర్వడం మనకు నష్టం కాదు, పైన చెప్పినదంతా అందుకు సాక్ష్యం. కాని పట్టిక అంచుకు జరిగిన తెలుగు పాఠం నీరసంగా కూడా ఉంటే, పిల్లవాడు దాన్ని వదులుకోవడానికి చట్టం అక్కర లేదు.

చివరిగా ఒక ఉదాహరణ. పోతన గజేంద్రమోక్షంలో ఏనుగు మొర విని విష్ణువు బయలుదేరే మత్తేభం మీలో చాలామందికి కంఠస్థమే. ఆ పద్యంలో విష్ణువు చేసిన పనులు వెదకమని పిల్లలకు చెప్పండి. వెదికి వెదికి, "అయ్యా, అన్నీ చెయ్యని పనులే ఉన్నాయి" అంటారు. భార్యకు చెప్పలేదు, ఆయుధం పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, వాహనం సిద్ధం చేయలేదు. అన్నీ వ్యతిరేక క్రియలే. "వాడు చెప్పడు, వాడు రాడు" అని మనం రోజూ వాడే రూపమే. మరి ఇన్ని "లేదు"లు ఒకదాని మీద ఒకటి ఎందుకు పేర్చాడని అడిగి, కాసేపు ఊరుకోండి. "తొందర సార్, అంత తొందర!" అని వెనక బెంచీనుంచి జవాబు వస్తుంది.