దిల్‌సుఖ్‌నగర్–ఎల్బీనగర్: వలసలు, అద్దె ఇళ్లు

హైదరాబాద్ తూర్పున, విజయవాడ జాతీయ రహదారి నగరంలోకి ప్రవేశించే దారిలోని నివాస ప్రాంతాలివి. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవారు బస్సు దిగిన వైపే ఇల్లు వెతుక్కోవడంతో కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం నిండాయి. వీటిలో కృష్ణా, గుంటూరు రాకపోకలు అంతర్రాష్ట్ర వలస అయింది 2014 జూన్ 2న: మనుషులు కదల్లేదు, సరిహద్దు వచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి మారినప్పుడు కొందరు ఉద్యోగులు తాము మాత్రమే వెళ్లి, పిల్లల చదువుల కోసం కుటుంబాలను ఇక్కడే ఉంచారు.

దిల్‌సుఖ్‌నగర్ అద్దెలకు అసలు ఆధారం కోచింగ్ సెంటర్లు. గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థుల కోసం ఇళ్లే హాస్టళ్లయ్యాయి. గదికి కాక మంచానికి అద్దె, అందులోనే భోజనం. ఇంటి యజమానికి ఇది పోర్షన్ అద్దె కన్నా లాభం, నీటికి, డ్రైనేజీకి మాత్రం భారం. నోటిఫికేషన్ పడితే గదులు దొరకవు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ చేసి బయల్దేరినవారు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు వద్ద చిక్కుకుపోయారు.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక, నగరం మధ్యలో పనిచేసేవారికీ ఇక్కడ అద్దెకుండటం వీలైంది.