బొమ్మతో వెతుకులాట

మాటలకు బదులు ఒక ఫొటోనే ప్రశ్నగా ఇచ్చి అంతర్జాలంలో గాలించడాన్ని రివర్స్ ఇమేజ్ సెర్చ్ అంటారు. ఆ ఫొటో ఇంకెక్కడెక్కడ ఉంది, ఎప్పటిది, అందులో ఉన్నదేమిటి అన్న సంగతులు ఈ వెతుకులాటలో బయటపడతాయి.

2001లో మొదలైన గూగుల్ ఇమేజెస్ బొమ్మలు చూపించేదే గానీ, వాటిని ముఖ్యంగా ఫైలు పేరును, చుట్టూ ఉన్న రాతను బట్టి పట్టుకునేది. పేరు తెలిసినవాళ్లకు బొమ్మ దొరికేది. బొమ్మ చేతిలో ఉండి పేరు తెలియనివాళ్లకు దారి ఉండేది కాదు. ఆ దారి కోసం పరిశోధన మాత్రం అంతకుముందే మొదలైంది. 1990ల్లో ఐబీఎం తయారుచేసిన క్యూబిక్ అనే వ్యవస్థ రంగులు, ఆకారాలు, వాటి అమరికను బట్టి బొమ్మలను వెతికేది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియం దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టింది. చిత్రకారుడి పేరు తెలియకపోయినా, గుర్తున్న రంగులతో చిత్రాన్ని వెతుక్కునే వీలు అలా కలిగింది.

ఒక ఫొటో తీసుకుని వెబ్ అంతటా దాని జాడ వెతికే సేవను 2008 మేలో కెనడాలోని టొరంటోకు చెందిన ఐడే సంస్థ టిన్‌ఐ పేరుతో తెచ్చింది. ఇలాంటి సేవలకు ఆధారం ఫొటో వేలిముద్ర. దాన్ని తీసే సులువైన పద్ధతి ఒకటుంది. ఫొటోను ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్లకు కుదించి, రంగులు తీసేసి నలుపు తెలుపు చేస్తారు. మొత్తం 64 గళ్లు. సగటు కన్నా వెలుగున్న గడికి ఒకటి, లేనిదానికి సున్నా. ఆ 64 అంకెల వరసే వేలిముద్ర. రెండు ఫొటోల వరసల్లో తేడా రెండు మూడు అంకెలే అయితే, అవి చాలావరకు ఒకే ఫొటో. సైజు తగ్గించినా, కాస్త మసకబారినా ఈ వరస పెద్దగా చెదరదు. అద్దంలోలా కుడిఎడమలు తిప్పేస్తే మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది.

2011 జూన్‌లో గూగుల్ కూడా ఫొటోతో వెతికే వీలు కల్పించింది. అయితే అదే ఫొటోను పట్టుకోవడం వేరు, అందులో ఉన్న వస్తువును పోల్చుకోవడం వేరు. 2009 నాటి గూగుల్ గాగుల్స్ అనే యాప్ కట్టడాలను, పుస్తకాల అట్టలను గుర్తించేది గానీ మొక్కలు, జంతువుల దగ్గర తేలిపోయేది. 2012లో ఫొటోల్లోని వస్తువులను కంప్యూటర్లు గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాం గెలిచాక, ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే డీప్ లెర్నింగ్ పద్ధతి ఊపందుకుంది. ఫోను కెమెరా ముందున్నదాన్ని గుర్తించే లెన్స్‌ను 2017లో గూగుల్ ప్రకటించడం దాని ఫలమే. పేరు తెలియని పువ్వు ముందు ఫోను పట్టుకుని అడగగలగడం చిన్న సంగతి కాదు.

ఫొటోతో వెతికే ఈ సాధనం అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది నిజనిర్ధారణకే. ఏళ్లనాటి వరద ఫొటోను నిన్నటిదని వాట్సాప్‌లో తిప్పితే, దాని పాత జాడ చూపించి అబద్ధాన్ని అక్కడే ఆపవచ్చు. హైదరాబాద్ నుంచి తెలుగులోనూ నిజనిర్ధారణ కథనాలిచ్చే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలకు ఇది రోజువారీ పని.

ముఖాల విషయానికి వస్తే ఇదే విద్య భయపెడుతుంది. క్లియర్‌వ్యూ ఏఐ అనే అమెరికా సంస్థ సోషల్ మీడియా నుంచి కోట్లాది ఫొటోలు పోగేసి, ముఖాన్ని బట్టి మనిషిని పట్టిచ్చే సాధనాన్ని పోలీసులకు ఇస్తోందని 2020లో వెల్లడైంది. అడగకుండా జనం ముఖాలను అలా వాడుకోవడం తప్పే.

వెతికేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫలితం రాలేదంటే ఆ ఫొటో కొత్తదని కాదు, ఆ సెర్చ్ ఇంజన్ కంట అది ఇంకా పడలేదని మాత్రమే. మరో ఇంజన్‌లోనూ వెతికి చూడాలి.