కేశనాళికలు

శరీరంలోని రక్తనాళాల్లో అతి సన్నవి కేశనాళికలు. ధమనుల చివరి కొమ్మలను సిరల తొలి పాయలతో కలిపేవి ఇవే. వీటి వ్యాసం 5 నుంచి 10 మైక్రోమీటర్లు. ఎర్ర రక్తకణానిది 7-8. అందువల్ల చాలాచోట్ల ఆ కణాలు ఒకదాని వెనుక ఒకటిగా, వంగి ముడుచుకుని సాగుతాయి.

1628లో విలియం హార్వే రక్తం వలయంగా తిరుగుతుందని లెక్కలతో, ప్రయోగాలతో చూపాడు. కానీ ధమని నుంచి సిరకు దారి ఆయన కంటికి చిక్కలేదు. ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1661లో, మార్సెల్లో మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో ఆ దారిని సూక్ష్మదర్శినితో కనిపెట్టాడు. శరీరశాస్త్రంలో ఇంత అందంగా పూడిన ఖాళీలు అరుదు.

రక్తప్రసరణ అసలు ప్రయోజనం నెరవేరేది ఈ కేశనాళికల్లోనే. గోడ మందం ఒకే కణం. దాని గుండా ఆక్సిజన్, గ్లూకోజ్ కణజాలంలోకి, కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి దాటుతాయి. బృహద్ధమనిలో ఉరకలెత్తిన రక్తం ఇక్కడ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరుకు, అంతకన్నా తక్కువకు నెమ్మదిస్తుంది. ఒక్కో నాళం సన్నదే అయినా, అన్నిటి అడ్డుకోత వైశాల్యం కలిపితే బృహద్ధమనికన్నా వందల రెట్లు ఎక్కువ. ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ నిదానం అవసరం.

రక్తపీడనం ద్రవాన్ని గోడ బయటికి నెడుతుంది. ప్లాస్మాలోని ప్రోటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్, ఆ ప్రవాహాన్ని నిలువరిస్తాయి. బయటికి వెళ్లిన ద్రవాన్ని శోషరస నాళాలు తిరిగి రక్తంలో కలుపుతాయి. ఆల్బుమిన్ బాగా తగ్గినప్పుడు కాళ్లు వాచేది ఆ నిలువరింపు సడలడం వల్లే.

కేశనాళికలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. మెదడులో వాటి గోడ కణాలు బిగుతుగా అతుక్కుని ఉంటాయి. కాలేయంలో వాటి మధ్య పెద్ద సందులుంటాయి. కంటి కార్నియా మధ్యభాగంలో, మృదులాస్థిలో కేశనాళికలు ఉండవు.