హంసలకు అభయము

నలదమయంతుల కథ చెప్పుచు నొకనాడు మేము పిల్లలను "హంసను కన్నులార చూచినవారు మీలో నెవరైన నున్నారా?" అని యడిగితిమి. తరగతిలో సగముమంది చేతు లెత్తిరి. ఎక్కడ చూచితిరని మఱల నడుగగా, పటములో ననియు, పెండ్లి శుభలేఖపై ననియు, చీర యంచున ననియు చెప్పిరి. వారు వర్ణించిన పక్షి పాము పడగవలె వంగిన మెడతో పాలవలె తెల్లనై యుండెను. అది ఐరోపాఖండపు కొలనులలో నీదెడు పక్షి. అట్టిది దక్కను చెఱువులలో నివసింపదు. వాయవ్య భారతమున నెప్పుడో యొక చలికాలమున దారితప్పి వచ్చినట్లు కనబడుటయే కాని, మన కవులు దినదినము చూచి వర్ణించుట కది యిచ్చట లేదు. మఱి మన పూర్వులు హంస యన్న దేనిని?

భాషాశాస్త్రము దీనికి మొదటి యుత్తర మిచ్చుచున్నది. సంస్కృతమున హంస, లాటినున అన్సెర్, జర్మనున గాన్స్, ఆంగ్లమున గూస్ అను పదములన్నియు నొక్క మూలము నుండి వెలువడినవే. ఆ భాషలన్నిటను ఆ పేరు పెద్దబాతునకే చెల్లినది. మన దేశమున మాత్రము ఆ పేరు పక్షిని విడిచి పటములోని కెక్కినది. హాలెండు దేశీయుడైన ఫోగెల్ పండితుడు 1962లో వెలువడిన తన గ్రంథమున మన శిల్పములను, కావ్యములను పరిశోధించి, ప్రాచీనుల హంస పెద్దబాతే యని నిరూపించెను. అమరసింహుడును ముక్కు, పాదముల రంగులను బట్టియే రాజహంస, మల్లికాక్షము, ధార్తరాష్ట్రము అని భేదములు చెప్పెను. నేటి పక్షిశాస్త్రజ్ఞులును జాతులను గుర్తించుటకు మొదట చూచునవి ఆ యవయవములే గదా! చూడక వ్రాసినవాడు ముక్కు రంగును, కాలి రంగును పట్టించుకొనడు.

నేడు మన ప్రాంతమునకు చలికాలమున వచ్చు పెద్దబాతులలో ముఖ్యమైనది పట్టెతల బాతు. శరీరము బూడిద కలిసిన తెలుపు. తెల్లని తలవెనుక రెండు నల్లని పట్టెలు. ముక్కును కాళ్లును నారింజ కలిసిన పసుపు. రెండు మూడు కిలోగ్రాముల బరువు గల యీ పక్షి టిబెట్టు, లడఖు, మంగోలియా మున్నగు ప్రదేశముల సరస్సుల యొద్ద వేసవిలో గ్రుడ్లు పెట్టి, చలి ముదురక మునుపే హిమాలయములను దాటి దక్షిణమునకు వచ్చును. మెదకు ప్రాంతపు మంజీరా జలాశయమునకును, పోచారము చెఱువునకును, కన్నడదేశపు మాగడి చెఱువునకును, ద్రవిడదేశపు కూంతంకుళమునకును ఇది చలికాలపు టతిథి.

భారతదేశమునను మంగోలియాలోను ఈ పక్షులను పట్టి, వానికి చిన్న యంత్రములు కట్టి, ఆకాశమార్గమున వాని జాడ గనిపెట్టిన శాస్త్రజ్ఞులు వానిలో నొకటి సముద్రమట్టమునకు 7,290 మీటర్ల యెత్తున నెగిరినట్లు కనుగొనిరి. అయినను అంతటి యెత్తు వానికి నిత్యకృత్యము కాదు. సాధారణముగా నవి శిఖరములపైని గాక లోయల వెంట, కనుమల గుండ సాగునని కూడ తేలినది. కాళిదాసు మేఘదూతమున మానససరస్సునకు పోవు హంసలు క్రౌంచపర్వతపు రంధ్రము గుండ పోవునని చెప్పియుండెను. చిరకాలము కవిసమయ మనుకొన్నదానిలో కొంత కంటితో చూచిన సత్య మున్నదని యిరువది యొకటవ శతాబ్దపు యంత్రములు తెలిపినవి.

మానససరస్సును గూర్చి తెలుగువారు గర్వింపదగిన పేరొకటి కలదు. తూర్పుగోదావరి జిల్లాలో 1896లో జన్మించిన స్వామి ప్రణవానంద యాత్రికుడై పోయి దర్శనము చేసికొని తిరిగివచ్చినవాడు కాడు. ఆ తటమున చలికాల మంతయు నివసించి, సరస్సు గడ్డకట్టుటను, మంచు పగులుటను దినచర్యగా వ్రాసికొన్నవాడు. ఆయన కైలాస మానససరోవర గ్రంథము 1949లో జవహర్‌లాల్ నెహ్రూ పీఠికతో వెలువడినది. పురాణములో వినిన సరస్సును కొలిచి, చూచి, వ్రాయుట భక్తికి భంగము కాదని ఆ సన్న్యాసి తన జీవితముచే చూపెను. మన పిల్లలకు హంసను చూపుటయు నట్టిదే.

ఇక మనుష్యునకును హంసకును గల సంబంధ చరిత్రమును విచారింతము. అశోకుడు పట్టాభిషిక్తుడై యిరువదియారేండ్లు గడచిన పిదప చెక్కించిన అయిదవ స్తంభశాసనమున వధింపరాని జంతువుల పట్టికలో చిలుక, గోరువంక, చక్రవాకములతో పాటు హంసను చేర్చెను. ఆ స్తంభములు మన దేశభాగమున లేవు. కాని కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి కొండఱాళ్లపై నాతని శిలాశాసనములు కలవు. తన వంటశాలకై పూర్వము లెక్కకు మిక్కిలి ప్రాణులను చంపుచుండిరనియు, ఇప్పు డది రెండు నెమళ్లకును ఒక లేడికిని తగ్గిన దనియు, అదియు మానివేయబడు ననియు మొదటి శాసనమున నాతడు చెప్పికొనెను. తన యింటి తప్పును ఱాతిపై నొప్పుకొన్న రాజులు చరిత్రలో మిక్కిలి యరుదు.

బౌద్ధుల మహాహంసజాతకమున నింకొక విధమైన యభయము కలదు. కాశీరాజు భార్య బంగారుహంస ధర్మము చెప్పుచున్నట్లు కలగని, దానిని తెచ్చి యిమ్మని భర్తను కోరును. రాజు ఊరి కుత్తరమున గొప్ప కొలను త్రవ్వించి, పద్మములు పెంచి, పక్షుల కన్నిటికి నిచ్చట అభయమని చాటించును. అభయమని నమ్మి వచ్చిన హంసలరాజు వేటకాని యురిలో తగుల్కొనును. తక్కిన గుంపు ఎగిరిపోగా నొక్క సేనాపతి మాత్రము రాజును విడువక నిలుచును. ఆ స్నేహమును చూచి వేటకాని మనస్సు కరగును. అజంతా పదునేడవ గుహ గోడపై హంసజాతక చిత్ర మున్నది. 1914లో నేర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖ గులాం యజ్దానీ నాయకత్వమున ఆ చిత్రముల సంరక్షణకు పూనుకొన్నది. కథలో మమ్ము కలచివైచునది వేటకాని యురి కాదు, రాజు చాటింపు. అభయమను మాటయే యురి యైనప్పుడు పక్షి దేనిని నమ్మవలెను?

ఈ ప్రశ్న పుస్తకములోనిది మాత్రమే కాదు. మన చెఱువులన్నియు మానవుడు కట్టినవే. కాకతీయుల కాలమున పాకాల, రామప్ప వంటి తటాకములు వెలసినవి. తెలంగాణములో 2015లో ప్రారంభమైన చెఱువుల పునరుద్ధరణ కార్యక్రమమున లెక్కకు వచ్చినవి 46,531 చెఱువులు. ఇవి వరి కొఱకు త్రవ్వబడినవే కాని హంసల కొఱకు కాదు. అయినను చెఱువు వానకు నిండి, పంటకు నీరిచ్చి, చలికాలమున మెల్లగా వెనుకకు తగ్గునప్పుడు, ఆ శిఖము భూమిలోని తడి బురదపై లేతగడ్డి మొలచును. పట్టెతల బాతునకు కావలసిన దదియే. పగలు నీటియొడ్డున విశ్రమించును. సాయంకాలమున, వేకువను చేలకు పోయి గడ్డి, రాలిన గింజ, ఒక్కొక్కప్పుడు పైరు మేయును. అనగా నీ పక్షి కాఱడవిని వెదకుకొని రాలేదు, రైతు నీడను వెదకుకొని వచ్చినది. తెలియకయే మన రైతు వేయి మైళ్ల యవతలి పక్షికి విడిది కట్టినాడు.

ఆ విడిదిలో దానికి లభించిన మర్యాద కాలమునుబట్టి మాఱినది. పోచారము చెఱువు 1916 మొదలు 1922 వఱకు కట్టబడి, నిజాము వేటస్థలమై యుండెను. 1952లో నది అభయారణ్యముగా ప్రకటింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఒక మనుష్యుని జీవితకాలములోనే తుపాకి మ్రోగిన చోట తుపాకి నిషిద్ధమైనది. ఇది గొప్ప మాఱ్పే. కాని పక్షి చట్టమును చదువదు; మనుష్యుని నడవడిని చదువును. చలికాలమున లాసానగర ప్రాంతమున నిలుచు పట్టెతల బాతులు అచ్చటి ఉద్యానముల కొలనులలో జనులకు మిక్కిలి చేరువగా తిరుగును. తరతరములుగా నచ్చటి బౌద్ధజనులు వానిని చంపుట పాపమని యెంచిరి. వేటాడిన చోట్ల అదే పక్షి మనుష్యుని దూరమున చూచియే లేచిపోవును. పక్షి జాతి యొక్కటే. దాని యనుభవములు వేఱు.

దక్షిణమున అట్టి నమ్మకము సంపాదించుకొన్న గ్రామములు లేకపోలేదు. తిరునల్వేలి జిల్లాలోని కూంతంకుళమున జనులు దీపావళికి బాణసంచా కాల్చరు. ఇండ్ల పెరటి చెట్లపైని గూళ్లనుండి పడిన పిల్లలను తెచ్చి సాకుదురు. పక్షుల రెట్టతో బలిసిన చెఱువు మట్టిని పొలములకు తోలుకొందురు. అచ్చటి చెఱువునకే చలికాలమున పట్టెతల బాతులు వచ్చుట. మన తెలుగునాట శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును ఇండ్ల నడుమ చింతచెట్లపై పిల్లలను పొదుగును. అనంతపురపు సీమలోని వీరాపురమునను కొంగల కట్టి యాశ్రయమే కలదు. ఇవి హంసజాతివి కావు. అయినను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచును ఏ యూరు వెడలగొట్టును? పక్షి రెట్ట వాసనను, కూతల రొదను, కొమ్మల విరుపును ఓర్చుకొని యేటేట తలుపు తెఱచి యుంచిన యీ సామాన్యజనులు అశోకుని శాసనము చదివినవారు కారు. శాసనము వలన రాని ఫలము వారి యోర్పు వలన వచ్చినది.

ఇచ్చట రెండు మాటలు చెప్పక తప్పదు. మొదటిది, ఆ యోర్పు భారమును రైతుపై మాత్రమే మోపరాదు. మేసిన పైరు నష్టమును పట్టణములోని పక్షిప్రియుడు భరింపక, రైతుకు మాత్రము జీవకారుణ్యము బోధించుట న్యాయము కాదు. రెండవది, చేరువ యనగా చేతులతో నిమురుట కాదు. 2005లో చైనాదేశపు చింఘాయి సరస్సున పక్షులకు సోకిన జ్వరమున వేలకొలది నీటిపక్షులు మరణించినవి. వానిలో పట్టెతల బాతులే యధికము. పెంపుడు కోళ్ల రోగము అడవిపక్షికిని, అడవిపక్షి రోగము పెంపుడు కోళ్లకును అంటును. అతిథికి విడిది యిచ్చి, కొంత యెడమగా నుండుటయే యిరువురకు క్షేమము.

ఇక మా జవహర్‌నగరు సంగతి. ఉప్పలు, నాచారము ఒకప్పుడు పట్టణమునకు తూర్పున చెఱువుల యండను బ్రతికిన పల్లెలు. పరిశ్రమలు వచ్చినవి, ఇండ్లు వచ్చినవి, 2007లో ఉప్పలు పురపాలకము మహానగరమున కలిసిపోయినది. పనికై వచ్చినవారికి నీడ కావలెను. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని ఇండ్లతో పాటు వాని మురుగును చెఱువులకే పోయినది. శిఖము కుదించుకొని పోయి, మిగిలిన నీరు గుఱ్ఱపుడెక్క క్రింద మూతవడినది. పిమ్మట చెఱువును బాగుచేయుద మని తలచినచోట, ఒడ్డున కంతటికి ఱాతికట్టు కట్టి, చుట్టును నడకబాట వేసి, దీపములు నిలిపి, ప్రవేశద్వారమున సిమెంటు హంసను ప్రతిష్ఠించుట పరిపాటి యైనది. ఱాతిగోడ వద్ద లేతగడ్డి మొలవదు. లోతులేని బురద లేనిచోట పెద్దబాతు దిగదు. రాత్రి యంతయు వెలుగు వెలిగినచోట నిలువదు. ద్వారమున హంసను నిలిపి లోపల హంసకు చోటు లేకుండ చేయుట కాశీరాజు చాటింపునకు తీసిపోదు. ఆ రాజు పక్షిని పట్టుటకైనను దానిని పిలిచినాడు.

కావలసినది కొండంత పని కాదు. మురుగును చెఱువులో కలియనీయక వేఱుపఱుపవలెను. చుట్టుకొలతలో సగమైనను ఱాయి లేని వాలుగట్టుగా విడువవలెను. శీతకాలమున నీరు సహజముగా తగ్గుటకు విడిచి, ఆ భాగమున దీపములు మాన్పవలెను. పాఠశాలలు చేయదగిన పనియు నొకటి కలదు. 1987 మొదలు ప్రతి సంవత్సరము జనవరి మాసమున ఆసియాఖండ మంతట నీటిపక్షుల గణనము జరుగుచున్నది. ఉపాధ్యాయులు తమ పిల్లలను సమీపపు చెఱువునకు కొనిపోయి ఆ లెక్కలో పాల్గొనవచ్చును. ఒక్క బాతైనను కనబడని చెఱువునకు సున్న వ్రాసి పంపుటయు సత్యకథనమే. ఆ సున్న యేల వచ్చినదని పిల్లవాడు ఇంటికి పోయి తండ్రి నడుగును.

శ్రీనాథుని శృంగారనైషధము చదువుట మానుమని మేము చెప్పము. చదివించుటయే మా వృత్తి. నలుని చేతికి చిక్కిన బంగారుహంస విలపించినప్పు డాతడు జాలిపడి విడిచిపెట్టినందుననే కథ నడచినది. ఆ ఘట్టమును చెప్పిన మఱునాడు పిల్లలను మంజీరా తీరమునకు కొనిపోయి, ఒడ్డున గడ్డి మేయుచున్న పట్టెతల బాతుల గుంపును దూరమునుండి చూపి, "మీరు చదివిన హంస యిదియే, ఇది మానససరస్సు దిక్కునుండి వచ్చినది" అని చెప్పదలచితిమి. వచ్చు పుష్యమాసమున నట్లు చేయుద మని నిశ్చయించుకొంటిమి. నాచారము చెఱువు గట్టుననే ఆ మాట చెప్పగల యుపాధ్యాయుడు మా తరువాతి తరమున నుండునా యనునది, నేడు మన మా చెఱువులోనికి విడుచుచున్న నీటిని బట్టి యుండును.